టేపు మధ్య ఖాళీ

మా పెదనాన్న ఎవరినీ నమ్మేవాడు కాదు. కళ్ళెదుట గేదెను పిండి పోసిన పాలలో కూడా నీళ్ళున్నాయనేవాడు. పాలవాడు ఎప్పుడు కలిపాడని అడిగితే, "గేదెకి ముందే తాగించీసుంటాడు" అనేవాడు. సికింద్రాబాదు చిలకలగూడలో మా వీధి మొదట్లోనే కూరల బళ్ళు వరసగా నిలబడేవి. అయినా ఆయన వాళ్ళ తక్కెడలను నమ్మక, రెండు చేతి సంచులు పట్టుకుని బస్సెక్కి బోయిన్‌పల్లి మార్కెట్టు దాకా వెళ్ళేవాడు. అక్కడి తక్కెడల మీద నమ్మకం ఉండి కాదు. అక్కడ దొంగలు ఎక్కువమంది కాబట్టి ఒకడికి భయపడి ఇంకొకడు సరిగ్గా తూస్తాడని ఆయన లెక్క. గోడ గడియారాన్ని నమ్మక చేతి గడియారం చూసేవాడు, దాన్నీ నమ్మక రేడియోలో వార్తలు మొదలయ్యేదాకా ఆగేవాడు. గోడకు రోజుకో కాగితం చింపే కేలండరు ఉండేది. చింపిన కాగితాన్ని పారేయకుండా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకునేవాడు. కిటికీ రెక్క కొట్టుకుంటే ఆ మడత, బల్ల కాలు ఊగితే ఆ మడత, చెవి దురద పెడితే ఆ మడత. మా ఇంట్లో గడిచిపోయిన రోజులన్నీ ఏదో ఒక సందులో ఇరుక్కుని ఉండేవి.

ఇందులో ఆయన తప్పెంతో, ఉద్యోగం తప్పెంతో చెప్పలేను. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేరి, విజయనగరం అవతల పలకరించే దిక్కులేని చిన్న స్టేషన్లలో ఏళ్ళు గడిపి, చివరకు సికింద్రాబాదు వచ్చి, బళ్ళ రాకపోకలు ఫోనులో నడిపించే కంట్రోల్ ఆఫీసులో రిటైరయ్యాడు. ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కి బండి వదలాలంటే ముందు ఫోనులో అడగాలి. అవతలి మాస్టరు విన్నదంతా తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పి, తన దగ్గరున్న రహస్యపు పట్టీలోంచి ఒక అంకె చెప్పాలి. దాన్ని ప్రైవేటు నంబరు అంటారు. ఆ నంబరు వచ్చిందంటే లైను ఖాళీగా ఉందని ఆ మనిషి తన ప్రాణం అడ్డు పెట్టి చెప్పినట్టు. అది రాకపోతే దేవుడు వచ్చి బండిలో కూర్చున్నా జెండా ఊపకూడదు. "అవతలోడు ఊఁ అన్నాడంటే విన్నాడని కాదు. తిరిగి చెప్పినోడే విన్నోడు" అనేవాడు పెదనాన్న. అందుచేత మా ఇంట్లో ఎవరు ఏం చెప్పినా తిరిగి చెప్పాల్సిందే. పెద్దమ్మ చింతపండు, మెంతులు తెమ్మంటే ఆయన గుమ్మంలో ఆగి "చింతపండు, మెంతులు" అని అప్పజెప్పి, ఆవిడ "ఆఁ" అన్నాకే చెప్పులు వేసుకునేవాడు. కోపం వచ్చిన రోజుల్లో పెద్దమ్మ ఆ "ఆఁ" అనేది కాదు. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉండేవాడు.

ఆ ఇంటికి నేను విమానం నడపడం నేర్చుకోడానికి వచ్చాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే మామూలుగానే ఉంది. అప్పట్లో మా చుట్టాల్లో ఎవరికి చెప్పినా ముందు నా వైపు, తరవాత మా నాన్న వైపు జాలిగా చూసేవారు. ఊరంతా కంప్యూటర్ల మీద పడి ఉన్న రోజులవి. చిలకలగూడ నుంచి అమీర్‌పేట దాకా ఏ గోడ చూసినా కంప్యూటరు కోర్సుల పోస్టర్లే. కరెంటు స్తంభాలకు కూడా ఖాళీ ఉండేది కాదు. డిగ్రీ తప్పినవాళ్ళూ పాసైనవాళ్ళూ ఒకే బస్సులో వేలాడుతూ అక్కడికి పోయేవాళ్ళు. మా నాన్న ఏడాది పాటు వద్దని, చివరకు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ప్రైవేటు పైలట్ రాత పరీక్ష ఒక్కసారి రాయాలి. పాసైతే విమానం నేర్పే ఫ్లయింగ్ క్లబ్బులో ఎగరడం కొనసాగించవచ్చు. తప్పితే మారుమాట లేకుండా అమీర్‌పేట బస్సెక్కాలి. పెదనాన్నయితే ఆ ఒక్కసారి కూడా అనవసరమన్నాడు. నేను వచ్చిన వారంలోనే నాన్నతో ఫోనులో, నేను వంటింట్లో ఉన్నానని తెలిసి కూడా, గొంతు తగ్గించకుండా అన్నాడు: "గాల్లో తిరగడమేటిరా ఆడపిల్ల? కంప్యూటరైతే నేల మీద కుర్చీలో కూర్చుని చేస్తారు. దీనికి ఇది అచ్చిరాదు." ఆ మాట నాకు చాలా ఏళ్ళపాటు చెవిలో ఉండిపోయింది.

నాకు పుస్తకాలు లేక కాదు, చెవి సరిగా లేక టేపులు పట్టుకున్నాను. తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఇంగ్లీషు కాగితం మీద ఉంటే నిదానంగా నమిలి మింగగలను. గాల్లో వస్తే మాత్రం వడగళ్ళలా నెత్తిన పడేది. విమానంలో ఎవరూ కాగితం ఇవ్వరు, అంతా చెవికే చెబుతారు. నా కష్టం చూసి క్లబ్బులో నాకంటే ముందు చేరిన ఒకావిడ తన దగ్గరున్న పాఠాల కాసెట్లకు కాపీలు తీసి ఇచ్చింది. ఎక్కడో అమెరికాలో ఎవరో మాస్టారు, బొంగురు గొంతు, నవ్వుతూ పాఠం చెబుతాడు. కాపీకి కాపీ కావడంతో ఆయన గొంతు కంబళి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వచ్చేది. నేను వాక్‌మన్ నడుముకు కట్టుకుని, చెవుల్లో ఆ మాస్టారిని పెట్టుకుని, పెద్దమ్మ ముందు కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీసేదాన్ని. ఆవపిండి, ఇంగువ, మధ్యాహ్నం గాలి తిరిగితే స్టేషన్ వైపు నుంచి వచ్చే డీజిలు పొగ. ఇప్పటికీ ఆ మూడూ కలిసిన వాసన ఎక్కడన్నా తగిలితే నాకు మేఘాల రకాలు వరసగా గుర్తొస్తాయి. "దీనికి చెవుల్లో ఎవడో కాపురం పెట్టీసేడు. అన్నం అంటే ఆల్టో మబ్బు అంటాది" అని పెద్దమ్మ పక్కింటివాళ్ళకు చెప్పి నవ్వేది.

పెదనాన్న నవ్వలేదు. ఆయనకు ఆ మాస్టారి మీద మొదటి రోజే అనుమానం వచ్చింది. ఒక సాయంత్రం ముందు గదిలోని రేడియో-టేపు టూ-ఇన్-వన్‌లో కాసెట్ పెట్టి వింటుంటే, పడక కుర్చీలోంచి వెన్ను ఎత్తి చాలాసేపు విన్నాడు. ఆయనది రైల్వే ఇంగ్లీషు. నిదానంగా చెబితే అన్నీ అర్థమవుతాయి.

"ఈడెవడు?"

"పాఠం చెప్పే మాస్టారు."

"చెప్పుకుంటూ పోతున్నాడే గానీ, మనం విన్నామా లేదా చూసుకోడేటి?"

"టేపులో ఎలా చూసుకుంటాడు పెదనాన్నా?"

"అలాగైతే ఈడు మాస్టారు కాడు. స్టేషన్లో మైకు. మైకు చెప్పింది నమ్మి ఎవడైనా బండెక్కుతాడా?" సికింద్రాబాదు స్టేషన్లో మైకును నమ్మి బండి తప్పినవాళ్ళను ఆయన చాలామందిని చూశాడు. అంతటితో ఆగలేదు. ఆ అమెరికా మాస్టారు గాలి ఒత్తిడిని పాదరసపు అంగుళాల్లో చెప్పేవాడు, మన దగ్గర మిల్లీబార్లు. ఆ సంగతి నేనే నోరు జారి చెప్పాను. ఇంక చూడాలి ఆయన సంబరం. "చూసేవా! ఆళ్ళ గాలి వేరు, మన గాలి వేరు. ఆళ్ళ గాలి నేర్చుకుని మన గాల్లో ఎగురుతానంటాది" అని వారం రోజులు ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

ఎత్తు చూపించే ముల్లు గురించిన పాఠం దగ్గర మాత్రం ఆయన వరస మారింది. విమానంలో మనం నేలకు ఎంత ఎత్తున ఉన్నామో చెప్పే గడియారం లాంటి సాధనం ఒకటి ఉంటుంది. నిజానికి దానికి ఎత్తు తెలియదు. దానికి తెలిసింది గాలి ఒత్తిడి ఒక్కటే. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, ఒత్తిడి తగ్గితే చాలు, పైకి వచ్చామనుకుని ముల్లు తిరుగుతుంది. అందుకని దాన్ని ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ ఉండాలి. ఇది నేను పెద్దమ్మకు చెబుతుంటే పెదనాన్న పేపరు దించి నా వైపు చూశాడు. "అంటే ఆ ముల్లు అబద్ధం చెప్తాదా?" అన్నాడు. చెబుతుంది అన్నాను. "మరి పైలట్ దాన్ని నమ్మడా?" నమ్మాలి, కానీ అనుమానిస్తూనే ఉండాలి, పక్క ముల్లుతో పోల్చి చూసుకోవాలి అన్నాను. ఆయన మొహంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. ప్రపంచంలో తనలాంటి మనుషులకని ప్రత్యేకంగా ఒక ఉద్యోగం ఉందని ఆయనకు అంత వయసొచ్చాక తెలిసింది. ఆ రోజు నుంచి భోజనం దగ్గర "ఇవాళ మీ మైకు ఏటి చెప్పింది?" అని అడగడం మొదలుపెట్టాడు. నేను అనుమానపడ్డాను. ఆయన ఇంట్లో ఉంటే ఎవరికైనా ఆ మాత్రం అంటుకుంటుంది. ఇంత ఆసక్తి ఎందుకో, ఏ తప్పు పట్టి నాన్నకు ఫోను చేస్తాడో అని ముక్తసరిగా చెప్పి కంచం ఎత్తేసేదాన్ని.

పరీక్ష దగ్గర పడ్డాక, ఒకరోజు క్లబ్బు నుంచి బస్సులో వస్తూ అదే ముల్లు పాఠం మళ్ళీ పెట్టుకున్నాను. ఎక్కువ ఒత్తిడి ఉన్నచోటు నుంచి తక్కువ ఒత్తిడి ఉన్నచోటికి ముల్లును సరిచేసుకోకుండా ఎగిరితే ఏమవుతుందో మాస్టారు చెప్పబోతున్నాడు. గుర్తు పెట్టుకోడానికి ఒక చిట్కా కూడా చెబుతాడు. "జాగ్రత్తగా వినండి, ప్రాణాలు పోయేది ఇక్కడే" అన్నాడు. అని ఊరుకున్నాడు. సర్రుమని టేపు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. బ్యాటరీ అయిపోయిందనుకుని తీసి రుద్ది పెట్టాను. అదే సర్రు. విసుగొచ్చి టేపును ముందుకు పరిగెత్తించాను. మాస్టారు మళ్ళీ దొరికేసరికి వేరే సంగతిలో ఉన్నాడు. ఇంటికి వచ్చి మిగతా కాసెట్లు చూస్తే ఇంకా కొన్ని చోట్ల అంతే. అన్నీ ముఖ్యమైన మాటల దగ్గరే. ఖాళీ వచ్చిన చోటల్లా పళ్ళు కొరుక్కుంటూ ముందుకు పరిగెత్తించాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఉన్న ఒక్క అవకాశానికి నేను నమ్ముకున్నవి ఆ కాసెట్లే.

మర్నాడు వీధి మలుపులో టేప్ రికార్డర్లు బాగుచేసే యాదగిరి కొట్టుకు పట్టుకెళ్ళాను. అతను వయసులో నాకంటే కొంచెం పెద్దవాడు. చెవి మీద ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు పెట్టుకుని ఉండేవాడు. ఆటోల రొద మధ్య కాసెట్ వేసి విన్నాడు, తీసి వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు.

"మిషిన్ తప్పు గాదమ్మా. ఎవరో రికార్డు బటన్ ఒత్తిన్రు."

"ఎలా ఒత్తుతారు? నేను ముందే పైనున్న పలక విరిచేశాను కదా." కాసెట్ అంచున చిన్న ప్లాస్టిక్ పలక ఉండేది. దాన్ని విరిచేస్తే ఇంక దాని మీద రికార్డు కాదు. ఎవరు ఏం చేస్తారోనని తెచ్చిన రోజే అన్నిటికీ విరిచేశాను.

"విరిసిన్రు, మంచిదే. గీ బెజ్జం సూడున్రి. లోపట కాయితం కుక్కిన్రు. కాయితం కుక్కితే మల్ల రికార్డు అయితది. తెల్వక చేసిన పని గాదిది. ఇంట్ల మనిషే చేసిండు."

పట్టకారుతో ఆ కాగితం బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. నాలుగు మడతలు. విప్పితే ఎర్రటి అక్షరాల్లో మొన్నటి ఆదివారం, కింద రాహుకాలం.

నేను ఆ కాగితం పట్టుకుని ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. పెదనాన్న పడక కుర్చీలో కూర్చుని బోయిన్‌పల్లి నుంచి తెచ్చిన వంకాయల్లో పుచ్చులు ఏరుతున్నాడు. కాగితం ఆయన ఒళ్ళో పడేశాను.

"నా టేపులు నువ్వే కదా చెరిపేశావు?"

ఆయన కాగితం చూశాడు. "చెరిగిపోడమేటి?" అన్నాడు.

"మాస్టారి మాటలు లేవు. ఖాళీ. అంతా ఖాళీ."

"ఖాళీ ఎందుకవుతాది? మొత్తం వినీసావా? చివరిదాకా విన్నావా?"

"ఖాళీని చివరిదాకా ఏం వింటాను?"

"వెనకాల మాటలు ఉంటాయి కదే. వెనక్కి జరిగుంటాయి, చూడు."

"జరగడానికి అదేం రైలా? పోయాయి. నేను తప్పాలనే కదా ఇదంతా? ఆడపిల్లకి అచ్చిరాదన్నావు కదా. నీకు ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పు, ఇలా దొంగచాటుగా చెయ్యకు."

పెద్దమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పెదనాన్న నన్ను చూడలేదు, టూ-ఇన్-వన్ వైపు చూశాడు. ఆయన పెదవులు ఏదో తిరిగి అప్పజెబుతున్నట్టు కదిలాయి. "పోయేయా" అన్నాడు, తనలో తాను. తరవాత కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో మడిచి జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. వెళ్తుంటే పెద్దమ్మ ఉప్పు తెమ్మని చెప్పింది. ఆయన తిరిగి చెప్పలేదు. ఉప్పూ తేలేదు.

ఆ తరవాత ఆయన నా టేపుల జోలికి రాలేదు. భోజనం దగ్గర "మీ మైకు ఏటి చెప్పింది" అని అడగడమూ మానేశాడు. నేరం రుజువైందని నేను నిర్ధారణ చేసుకున్నాను. కాసెట్లను నా పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకు తగిలించుకున్నాను. అంత అనుమానపు ఇంట్లో కూడా అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు. పెద్దమ్మ మాత్రం ఆ గొలుసు చూసినప్పుడల్లా మొహం తిప్పుకునేది.

కాపీలిచ్చినావిడ అప్పటికే క్లబ్బు వదిలి వెళ్ళిపోయింది, పుస్తకంలో ఆ సంగతులు ఒక్కో ఇంగ్లీషు ముక్కలో తేల్చేశారు, మాస్టారు మింగేసిన వాక్యాలను నేనే పూర్తి చేసుకోవలసి వచ్చింది. సాయంత్రాలు మేడ మీద బట్టలు తీస్తూ, బేగంపేటలో లేచి మా నెత్తి మీదుగా పోయే విమానాలు చూస్తూ, ఆ ముల్లు స్థానంలో నన్ను పెట్టుకుని ఆలోచించేదాన్ని. నాకు ఒత్తిడి తప్ప ఏమీ తెలియదు. చుట్టూ ఒత్తిడి తగ్గింది. అయితే పైకి వచ్చానన్న మాట. పైకి వచ్చానని గొంతెత్తి చెబుతాను. నన్ను నమ్మిన పైలట్ ఎత్తు తగ్గించుకుంటాడు. నిజానికి పైకి రాలేదు, ఉన్నచోటే ఉన్నాం. వాడు ఇంకా కిందికి దిగుతాడు. నేను మాత్రం సరైన ఎత్తులో ఉన్నామని హాయిగా చెబుతూనే ఉంటాను, కొండ తగిలేదాకా. ఇది తట్టిన సాయంత్రం నాకు ఒళ్ళు జలదరించింది. చిట్కా బట్టీ పట్టి ఉంటే ఆ జలదరింపు ఉండేది కాదు. అదీ ఒప్పుకుంటాను గానీ, ఆ పుణ్యం పెదనాన్న ఖాతాలో వెయ్యడానికి నాకు మనసు రాలేదు. నాకు ఆ తెలివి రావడానికి ఇంత దొంగతనం జరగాలా అనుకున్నాను.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. మరీ తేలిగ్గా కనిపించి ఏదో మోసం ఉందని రెండుసార్లు చదివి, గీత పెట్టాను. పాసయ్యాను. నాన్న స్వీట్లు పంచాడట. పెదనాన్న ఫలితం కాగితాన్ని వెలుగుకు పట్టి సీలు చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. "అసలుదేనా?" అన్నాడు. "అసలుదే" అన్నాను. "అసలుదే" అని తిరిగి చెప్పి కాగితం నాకిచ్చేశాడు. ఆ మాటకు పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

తరవాత క్లబ్బుకు దగ్గరగా గది చూసుకున్నాను. లైసెన్సు వచ్చింది. కొన్నాళ్ళు ఎగిరాను. ఎగరడం కంటే ఎగరబోయేవాళ్ళకు పాఠం చెప్పడం నాకు బాగా పట్టుబడింది, అందులోనే స్థిరపడ్డాను. ఈమధ్య నా పాఠాలూ ఫోనులోనే వింటున్నారు. పిల్లలు వాటిని రెట్టింపు వేగంతో పరిగెత్తించి, పిచ్చుకలు కీచులాడినట్టున్న నా గొంతును జిమ్ముల్లో, మెట్రో రైళ్ళలో వింటారట. అర్థమైందా అని అడిగితే "విన్నాం మేడమ్" అంటారు. ఎవరూ తిరిగి చెప్పరు. చెప్పమని నేనూ అడగను, వాళ్ళు నొచ్చుకుంటారని. గాలిలో ఉన్నప్పుడు విమానాశ్రయం టవరు చెప్పింది అక్షరం పొల్లు పోకుండా తిరిగి అప్పజెప్పే అలవాటు మాత్రం నాకు క్లబ్బులో అందరికంటే ముందు పట్టుబడిందని మా ఇన్‌స్ట్రక్టరు మెచ్చుకునేవాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఎవరికీ చెప్పలేదు. పెదనాన్న ఇంటికి పండగలకీ పెళ్ళిళ్ళకీ వెళ్ళేదాన్ని, బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్ళం. ఆయన ఇచ్చిన కాఫీ కూడా వాసన చూసి తాగినట్టుండేది నా వ్యవహారం. ఇన్నేళ్ళలో ఆ కాసెట్ల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పోయిన వర్షాకాలంలో పెదనాన్న పోయాడు. ఆస్పత్రిలో కూడా మాత్ర ఇస్తే దాని పేరు తిరిగి చెప్పి, నర్సు "అవును తాతా" అన్నాకే మింగేవాడట. దినాలయ్యాక పెద్దమ్మ ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. గదికి మారినప్పుడు నేను వదిలేసి వెళ్ళిన కాసెట్లు అందులో ఉన్నాయి. అంచుల్లో తడి తగలకుండా మడిచిన కేలండరు కాగితాలు పొదిగి ఉన్నాయి. "నీకు ఇమ్మనలేదు. పారీమనీ అనలేదు. ఏటి చెయ్యాలో నువ్వే చూసుకో" అంది.

పారేద్దామనే బయల్దేరాను. చిలకలగూడ మలుపులో యాదగిరి కొట్టు ఇంకా ఉంది. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, పాత కాసెట్లను ఫోనులోకి ఎక్కించి ఇస్తాడు. జుట్టు నెరిసింది గానీ చెవి మీద స్క్రూడ్రైవరు అలాగే ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. కాసెట్ వేసి, కంప్యూటరులో దాని గీతలు పైకీ కిందికీ ఊగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. గీత సన్నబడిన చోటు రాగానే నేను, "అది ఖాళీ, వదిలేయండి" అన్నాను.

"ఖాళీ గాదమ్మా. ఏదో ఉన్నది సూడున్రి. గొంతు మస్తు చిన్నగున్నది. జెర పెంచుత." ఏవో మీటలు నొక్కి, పెద్ద హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టాడు.

ముందు గోడ గడియారం వినిపించింది. తరవాత దూరంగా పెద్దమ్మ గురక. మధ్యాహ్నం కునుకు. ఆవిడ లేస్తుందని కాబోలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు గుసగుసగా పెదనాన్న గొంతు: "అమ్మడూ. ఆగు. మైకు చెప్పీసింది గదాని ముందుకెళ్ళిపోకు. నువ్వు చెప్పు. ఒత్తిడి ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటుకెళ్తే, ముల్లు ఏటి చూపిస్తాది?"

ఆ తరవాత గడియారం ఒక్కటే. నా జవాబుకు ఆయన వదిలిన చోటు అది. బండి మధ్యలో ఒక పెట్టె తగిలిస్తే వెనక పెట్టెలు వాటంతట అవే జరుగుతాయని, టేపూ అంతేనని ఆయన అనుకున్నాడు. వెనక్కి జరిగుంటాయి చూడమని నాకు చెప్పాడు కూడా. నేను చూడలేదు. చివరిదాకా విన్నావా అని అడిగాడు. నేను వినలేదు. ఇంక చాలని హెడ్‌ఫోన్లు తీయబోయాను.

"ఆగున్రి, ఇంక అయిపోలే" అన్నాడు యాదగిరి, గీతను చూపిస్తూ.

గడియారం ఇంకాసేపు కొట్టుకుంది. తరవాత పెదనాన్న గొంతు సర్దుకున్న చప్పుడు. "ఆఁ. కరెక్టు" అన్నాడు, అదే గుసగుసలో. "నంబరు ఇరవై ఏడు. పద."

తన జన్మలో అవతలివాడు తిరిగి చెప్పకుండా ఒక్క బండి వదలని మనిషి, కట్టుకున్న పెళ్ళాం చెప్పిన చింతపండును కూడా అప్పజెప్పందే గుమ్మం దాటని మనిషి, నేను ఏం చెబుతానో వినకుండానే నంబరు ఇచ్చేశాడు.

మళ్ళీ వెనక్కి తిప్పమని యాదగిరిని అడిగాను. గడియారం, గురక, ప్రశ్న. ఖాళీ వచ్చింది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. కౌంటరు దగ్గర ఎవరో పగిలిన ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎక్కువ చూపిస్తుంది పెదనాన్నా" అన్నాను పైకే. "ముల్లు పైన ఉన్నామంటుంది. మనం కింద ఉంటాం."

యాదగిరి విచిత్రంగా నా వైపు చూశాడు. నేను చెయ్యి ఎత్తి అతన్ని ఆగమని, నా నంబరు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.